భయాన్ని కూడా లెక్క రాసుకుందాం



పొదుపు గురించి, అప్పుల గురించి ఇప్పటిదాకా చాలామంది చెప్పినారు. మేము భయం గురించి చెప్తాము.

పోయిన ఏడాది మిరప దెబ్బతిని మా సభ్యురాలు ఒకామె రెండు కంతులు కట్టలేకపోయింది. మూడో నెల మీటింగుకే రాలేదు. ఇంటికి పోతే ఏడ్చింది. "నా వల్ల సంఘం పోతుంది, బ్యాంకోళ్ళు ఇంటికి తాళం వేస్తారు, పాప పెళ్ళి ఆగిపోతుంది" అని రాత్రుళ్ళు నిద్ర లేదంట, గుండె దడంట. "నీ వల్ల అందరం మునిగిపోతాం" అని మీటింగులో అరిచింది మేమే.

ఆమెను కౌన్సెలింగుకు పిలుచుకుపోయినాము. అక్కడ చెప్పిన పద్ధతి పేరు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. 1960లలో అమెరికా డాక్టరు ఆరన్ బెక్ మొదలుపెట్టినాడు. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెల్లో మన ఆశా కార్యకర్తల వంటి ఆడవాళ్ళే దీన్ని దిగులుపడిన తల్లులకు నేర్పితే మేలు జరిగిందని 2008లో డాక్టర్ల పత్రికలో వచ్చింది.

ఆమెతో కాగితం మీద మూడు గడులు గీయించినారు. మొదటి గడిలో భయం: ఇంటికి తాళం వేస్తారు. రెండో గడిలో రుజువు: రెండు కంతుల బాకీ నిజమే, కానీ సంఘం అప్పుకు ఇల్లు తాకట్టు పెట్టలేదు. మూడో గడిలో నిజంగా జరిగేది, మనం చేసేది: సంఘానికి చెప్పి కంతు తగ్గించుకోవడం. తప్పించుకునే కొద్దీ భయం పెరుగుతుందన్నారు. అందుకే మొదట పది నిమిషాలు వచ్చి కూర్చుంది. ఎవరమూ అరవలేదు.

బాకీ ఇంకా తీరలేదు, కడుతూనే ఉంది. కానీ నిద్ర పడుతోంది. తన లెక్క తనే చెప్తోంది.

అన్ని భయాలూ ఉత్తవే అనడం లేదు. తాగొచ్చి కొట్టే మొగుడి భయం నిజం. దానికి కాగితం చాలదు, మనం తోడుండాల. చచ్చిపోవాలనే మాట ఎవరి నోట వచ్చినా ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022 నుంచి నడుస్తోంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

కంతు తప్పిన సభ్యురాలి ఇంటికి ముందు ఇద్దరం పోయి మాట్లాడాలని, మీటింగులో అరవకూడదని మా సంఘం తీర్మానం రాసుకుంది. మీరూ రాసుకోండి.

పుస్తకంలో అప్పు ఉన్నంతే రాస్తాము, పది రూపాయలు ఎక్కువ రాయము. భయాన్నీ అట్లే ఉన్నంతే రాసుకుందాం.

సెలవు.