దూడల కడుపులోని యేలికపాములు



సిద్దిపేట, దుబ్బాక, గజ్వేలు ప్రాంతములలో గొఱ్ఱెల మందలకు నట్టల మందు త్రాగించుట యెల్లరు నెఱిగిన పనియే. కాని కొట్టములో బఱ్ఱె యీనినపుడు, ఆ దూడకు గూడ మందు కావలెనన్న తలంపు పలువురకు రాదు. మూడు నాలుగు వారములకు దూడ తెల్లని బంకమట్టివలె, దుర్గంధముతో పారుకొనును. కడుపు బానవలె నుబ్బును, వెండ్రుకలు నిక్కును, దూడ మట్టి నాకుచుండును. పాలెక్కువై యఱుగలేదని తలచి యింటివారు పాలు తగ్గింతురు. దూడ మఱింత క్షీణించి చచ్చును. దూడ లేనిచో బఱ్ఱె చేపదు. అంతట తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలుపవలసిన దుర్గతి పట్టును. చచ్చినది పెయ్యయైనచో, మూడు నాలుగేండ్లకు ఇంటికి రావలసిన పాడియు దానితోడనే పోవును.

ఇందులకు దఱచుగా గారణము అజీర్ణము గాదు, ఏలికపాములు. 1782లో గోట్జె యను జర్మను పండితుడు వర్ణించిన యీ పురుగునకు శాస్త్రమున టాక్సోకారా విటులోరమ్ అని పేరు. లాటిను భాషలో 'విటులోరమ్' అనగా 'దూడలయొక్క' యని యర్థము. ఆ పేరు తగియున్నది. పెద్ద పశువుల ప్రేవులలో నీ పురుగు సాధారణముగా బెరుగదు. తల్లి మేతతో మ్రింగిన గ్రుడ్లు పొదిగి, పిల్లపురుగులు దాని కాలేయమునందును కండలయందును నణగియుండును. తల్లి చూచుటకు నిండారోగ్యముతో నుండును. ఈనిక సమీపింపగా నవి పొదుగునకు జేరి, తొలిదినముల పాలతో దూడ కడుపున బడును. ఇంచుమించు మూడు వారములలో జానెడు పొడవు పెరిగి ప్రేవులను నింపును; ఒక్కొక్కప్పుడు మార్గమునే మూసివేయును. అప్పటినుండి దూడ పేడలో దినమునకు లక్షలకొలది గ్రుడ్లు పడును. అవి నేలలో నెలల తరబడి బ్రదికి, మేతతో మఱల పశువులను జేరును.

అట్లయిన ముర్రుపాలు మాన్పవలెనా యని మీరడుగవచ్చును. ఎంతమాత్రము మాన్పరాదు. రోగముల నెదుర్కొను శక్తి దూడకు ముర్రుపాలవలననే వచ్చును. గంటలు గడచినకొలది ప్రేవులు దానిని గ్రహింపజాలవు. మాయ పడువఱకు దూడను కుడువనీయరాదను నాచారము కొన్ని యిండ్ల గలదు. అది మిక్కిలి హానికరము. పుట్టిన గంట రెండు గంటలలోనే త్రాగింపవలెను. పాలు మాన్పుట గాదు, దినములు లెక్కించుటయే తగిన యుపాయము.

సింహళమున బఱ్ఱెలపై జరిగి 1989లో ప్రకటింపబడిన పరిశోధన యీ లెక్కను దెలిపినది. పాలతో పురుగులు వచ్చుట తొలి పదిదినములలో ముగియును. కావున 10వ దినమునకును 16వ దినమునకును నడుమ నొక్కసారి మందు పోసినచో, పురుగు గ్రుడ్లు పెట్టకమునుపే నశించును. దూడయు బ్రదుకును, దొడ్డియు శుభ్రపడును. పైపరజీను, పైరాంటెలు మొదలగు మందులు దీనికి బనిచేయును. దూడ బరువునుబట్టి యెంత పోయవలెనో పశువైద్యుడు చెప్పవలెను. తరువాతి మోతాదులును ఆయన చెప్పినట్లే పోయవలెను. పోయునపుడు తల మిక్కిలి పైకెత్తరాదు, నాలుక లాగరాదు. మందు ఊపిరితిత్తులలోనికి బోవును. పేడలో నెత్తురు కనబడినచో నది వేఱొక వ్యాధి కావచ్చును. ఈ మందుతో కాలయాపన చేయక దూడను వైద్యునకు జూపవలెను.

దూడలను పొడినేలపై, పెద్ద పశువులకు వేఱుగా గట్టవలెను. వాని పేడను ప్రతిదినము తీసి పెంటకుప్పలో లోతుగా గప్పవలెను. కుప్ప బాగుగా మాగినపుడు పుట్టు వేడికి గ్రుడ్లు చచ్చును. పచ్చిపేడను పచ్చిగడ్డి మడిలో వేయరాదు.

పెద్దలారా! మీ వాడలో బఱ్ఱెగాని యావుగాని యీనినదని విన్నప్పుడు, ఆ తేదీని కొట్టపు గోడపై బొగ్గుతో వ్రాయుడని యింటివారికి జెప్పుడు. పదవ దినము రాగానే యా గీత వారిని పశువైద్యశాలకు బంపును.

సెలవు.