కథ రాసే గది ఎవరిది?

(యువజనుల శిక్షణా తరగతుల్లో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన పేటల్లో పిల్లలు సెల్‌ఫోన్లతో సినిమాలు తీస్తున్నారు. మంచిదే. తీసినాక వచ్చి, "సార్, హైదరాబాద్ పోయి ఎవర్ని కలవాలి?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకి జవాబుగా ఇవాళ అమెరికా ఆదివాసి ఒకాయన గురించి చెప్తాను. పేరు స్టెర్లిన్ హార్జో. టీవీకి కథలు రాస్తాడు, సొంతంగా సినిమాలు తీస్తాడు.

ముందు ఆయన జనం సంగతి. హార్జో సెమినోల్, మస్కోగీ తెగల బిడ్డ. వీళ్ల సొంతగడ్డ అలబామా, జార్జియా, ఫ్లోరిడా వైపు. పత్తి పండే ఆ భూముల మీద తెల్లవాళ్ల కన్ను పడింది. 1830లో చట్టం చేశారు. సైన్యాన్ని పెట్టి వందల మైళ్లు పడమటికి తోలారు. దారిలో ఆకలికి, చలికి, రోగాలకి వేలమంది చచ్చిపోయారు. మిగిలినోళ్లు చేరిన చోటే ఇప్పటి ఓక్లహోమా రాష్ట్రం. అక్కడ రిజర్వేషన్ అంటే ఉద్యోగాల్లో వాటా కాదు. ఉన్నదంతా లాక్కుని, ఈ గీత లోపల బతకండని వదిలేసిన నేల. కులం, వలస పాలన రెండూ ఒకటే అని నేననను. కానీ ఊరికి అవతల బతికినోళ్లకి ఆ గీత సంగతి వేరే చెప్పక్కర్లేదు.

భూమి తర్వాత కథని లాక్కున్నారు. హాలీవుడ్ సినిమాల్లో ఆదివాసి అంటే గుర్రమెక్కి కేకలేస్తూ వచ్చి తుపాకి దెబ్బకి పడిపోయేవాడు. ఆ వేషం కూడా చాలాసార్లు వాళ్లకి దక్కలేదు. 1971లో అమెరికా టీవీల్లో ఒక ప్రకటన వచ్చింది. చెత్త పారేస్తే కన్నీరు కార్చే ఆదివాసి ఒకడు అందులో కనపడతాడు. దేశమంతా ఆ కన్నీరు చూసి కరిగిపోయింది. ఆ నటుడు ఐరన్ ఐస్ కోడీ ఇటలీ నుంచి వలసొచ్చిన దంపతుల కొడుకని 1996లో బయటపడింది. చూశారా! వాళ్ల ఏడుపు కూడా ఇంకొకడే ఏడ్చాడు.

హార్జో 1979లో ఓక్లహోమాలోని హోల్డెన్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పెద్ద కంపెనీ పిలుస్తుందని కూర్చోలేదు. చిన్న ఖర్చుతో, తన రాష్ట్రంలోనే, తన జనంతోనే సినిమాలు తీశాడు. 2007లో 'ఫోర్ షీట్స్ టు ది విండ్', 2009లో 'బార్కింగ్ వాటర్', 2015లో 'మెక్కో'. మధ్యలో 2014లో ఒక డాక్యుమెంటరీ తీశాడు. 1962లో వాళ్ల తాత కారు వంతెన దగ్గర ప్రమాదానికి గురై, ఆయన కనపడకుండా పోయాడు. ఊరి జనం రోజుల తరబడి వెతికారు, వెతుకుతూ మస్కోగీ భాషలో భక్తి పాటలు పాడారు. ఆ పాటలు ఎక్కడినుంచి వచ్చాయని ఆరా తీస్తూ పోతే, ఆ వలస బాటలో పాడుకున్న పాటల దాకా చేరాడు. ఇంట్లో ముసలోళ్లు చెప్పుకునే సంగతి పట్టుకుని ఒక జాతి చరిత్ర తవ్వాడు.

ఇంకో పక్క, తనలాంటి ఆదివాసి మిత్రులతో కలిసి '1491లు' అనే హాస్య బృందం కట్టాడు. కొలంబస్ అడుగుపెట్టింది 1492లో. అంతకు ముందు ఏడాది పేరు అది. పేరులోనే చురక ఉంది.

2021లో టీవీ తలుపు తెరుచుకుంది. న్యూజిలాండ్ మావోరీ దర్శకుడు తైకా వైటిటీతో కలిసి ఎఫ్ఎక్స్ సంస్థకి 'రిజర్వేషన్ డాగ్స్' సీరియల్ చేశాడు. స్నేహితుడు చచ్చిపోయిన దుఃఖంలో నలుగురు పిల్లలు కాలిఫోర్నియా పోదామని డబ్బు కూడబెట్టడం కథ. మొదటి భాగంలోనే చిప్స్ లారీ దొంగిలిస్తారు! మూడు సీజన్లు, 28 భాగాలు నడిచి 2023లో ముగిసింది. ముఖ్యమైన సంగతి ఇది: రాసినోళ్లు, దర్శకత్వం చేసినోళ్లు అందరూ ఆదివాసులు, మూలవాసులే. ఓక్లహోమాలోనే తీశారు. హార్జో ఒక్కడే పోయి కుర్చీలో కూర్చోలేదు. 1491 బృందంలోని మిత్రుల్ని తీసుకుపోయి ఆ గదిలో కూర్చోబెట్టాడు.

గదిలో మనోడు ఒక్కడే ఉంటే ఏమవుద్ది? "మీవాళ్లు ఇట్లాగే మాట్లాడతారా?" అని అడుగుతారు. జవాబు చెప్పడంతోనే వాడి పొద్దు గడిచిపోద్ది. పదిమంది ఉంటే ఆ ప్రశ్నే రాదు. నేరుగా కథలోకి పోవచ్చు.

ఆ గదిలోంచి ఎలాంటి కథలొచ్చాయో రెండు చెప్తాను. ఒక పిల్లాడికి గుర్రమెక్కిన పూర్వీకుడి ఆత్మ కనపడుతుంది. 1876 నాటి లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో ఉన్నానంటుంది. తీరా చూస్తే, గుర్రం కాలు బొరియలో పడి, యుద్ధం చేయకముందే చచ్చినోడు! సినిమావాళ్లు వందేళ్లు చూపించిన వీరుడి వేషాన్ని ఒక్క జోకుతో ఊడదీశారు.

రెండోది 2023లో వచ్చిన 'డీర్ లేడీ' భాగం. ఆదివాసి పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి లాక్కుపోయిన బోర్డింగ్ బడి కథ. అక్కడి సిస్టర్ల మాట మనకి అర్థంకాని రొదలాగా వినిపిస్తుంది. భాష రాని బిడ్డ చెవికి అట్లాగే కదా వినపడేది! పంతులుగా నాకిది గట్టిగా తగిలింది. హాస్టల్ అంటే మనకి అన్నం, చదువు, పోరాడి తెచ్చుకున్నది. వాళ్లకి హాస్టల్ అంటే జుట్టు కత్తిరించి, భాష మాన్పించిన చోటు. ఆ బడుల్లో కనీసం 973 మంది పిల్లలు చచ్చిపోయారని 2024లో అమెరికా ప్రభుత్వ నివేదికే ఒప్పుకుంది.

హార్జోకి 2024లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. 2025లో 'ది లోడౌన్' సీరియల్ తీశాడు, అదీ ఓక్లహోమాలోని తుల్సా నగరం కథే. పేరొచ్చినా నేల వదల్లేదు.

మిత్రులారా, మన మీద రాసేవాళ్లు రెండు రకాలు. తక్కువ చేసేవాడు, జాలిపడేవాడు. ఇద్దరి కథల్లోనూ మనకి మాట ఉండదు. కారంచేడు (1985), చుండూరు (1991) మనం రాసుకోవాల్సిందే, మరిచిపోకూడదు. దాంతోపాటు మన అమ్మలు నాట్లేస్తూ దొర నడకని అనుకరించి నవ్విన నవ్వునీ రాయాలి. నవ్వేవాడికి భయం తగ్గుద్ది. ఆ సంగతి దొరకీ తెలుసు.

అందుకని పిల్లలకి నా జవాబు. హైదరాబాద్‌లో ఎవర్ని కలవాలని తర్వాత అడగండి. ముందు మీ పేటలో రాయగలిగినోళ్లు ఐదుగురు ఎవరో చూడండి, అందులో ఆడపిల్లలు ఉన్నారో లేదో చూడండి. మీ నాయనమ్మ దగ్గర కూర్చుని ఒక పాట, ఒక సంగతి రాసుకోండి. కార్యకర్తలకి ఒక మాట. వాడలో కమ్యూనిటీ హాలు సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది. తాళం తీసి ఆ పిల్లల్ని కూర్చోబెట్టండి. రాసే గది అక్కడే మొదలవ్వాలి. రేపు ఏ ఛానలో పిలిస్తే, పోయేది ఒక్కడు కాకూడదు. ఆ గదంతా పోవాలి.

జై భీం!