ఊరికి డబ్బు పంపే ముందు రెండో బిల్లు చూడండి

ఈ ఎపిసోడ్‌లో నేను చేసిన ఒక తప్పు గురించి మాట్లాడతా. 4 లక్షల 60 వేల రూపాయల తప్పు. అందులో నా డబ్బు కొంచెమే, మిగతాదంతా ఫ్రెండ్స్‌ది. అందుకే ఇన్నాళ్లూ కెమెరా ముందు చెప్పడానికి మొహం చెల్లలేదు.

మాది కడప జిల్లాలో ఒక చిన్న ఊరు. 160 ఇళ్లు ఉంటాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. తాగడానికి వ్యాన్‌లో క్యాన్లు వస్తాయి, క్యాను 20 రూపాయలు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నప్పుడు, ఒక సంక్రాంతికి ఊరికెళ్లి, మా జేజి సగం క్యాను నీళ్లని రెండు రోజులు పొదుపుగా తాగడం చూశా. వెంటనే హీరోలా ఫీలై వాట్సాప్ గ్రూప్ పెట్టేశా. మా ఊరోళ్లు, పక్కూరోళ్లు, కాలేజీ ఫ్రెండ్స్, బెంగళూరు, డల్లాస్, అందరూ అందులోకి వచ్చారు. 23 రోజుల్లో 4 లక్షల 60 వేలు వచ్చింది. పంచాయతీ స్థలం ఇచ్చింది. ఆర్‌ఓ వాటర్ ప్లాంట్ పెట్టాం. రిబ్బన్ కట్ చేశాం, టెంకాయ కొట్టాం, ఫోటోలు దిగాం. క్యాను 2 రూపాయలే, ఎందుకంటే మేం చేసేది సర్వీస్ కదా!

14 నెలల తర్వాత ప్లాంట్‌కి బీగం పడింది.

ఎందుకు పడిందో లెక్క చెప్తా వినండి. చిన్న లెక్కే. రోజుకి 70 క్యాన్లు పోయేవి. 2 రూపాయల చొప్పున 140. నెలకి 4,200. ఇప్పుడు ఖర్చు చూడండి. ఆపరేటర్‌కి 5,000, కరెంటుకి 3,500, ఫిల్టర్లు, కెమికల్ కలిపి 1,500. మొత్తం 10 వేలు. అంటే ప్లాంట్ బాగా నడిచిన నెలలో కూడా 5,800 లోటు. దీని మీద రెండేళ్లకోసారి మెంబ్రేన్ మార్చాలి. దానికి మాకు చెప్పిన రేటు 40 వేలు, అంటే నెలకి ఇంకో 1,700 పక్కన పెట్టాలి. ఈ లెక్క ఏ ఆరో తరగతి పిల్లాడైనా వేస్తాడు. బీటెక్ చదివిన మేం 40 మంది గ్రూప్‌లో ఉన్నాం, ఒక్కరం కూడా వేయలేదు.

మొదటి ఆరు నెలలు లోటు మేమే కట్టాం. తర్వాత గ్రూప్‌లో మెసేజ్ పెడితే బ్లూ టిక్కులు వచ్చేవి, డబ్బులు వచ్చేవి కాదు. వాళ్లనేమీ అనను, ఎవరి ఈఎంఐలు వాళ్లకుంటాయి. ఎండాకాలంలో బోరు మోటారు కాలిపోయింది. కరెంటు బిల్లు పేరుకుపోయి లైన్ కట్ చేశారు. ఆపరేటర్‌గా పెట్టింది నా స్కూల్ క్లాస్‌మేట్‌నే. వాడికి మూడు నెలల జీతం ఆగిపోయింది. ఆ 15 వేలు తర్వాత నేను ఇచ్చేశా. కానీ ఆ మూడు నెలలు ఇల్లు గడవడానికి వాడు ఎంత అప్పు చేశాడో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు. ఊరికెళ్లిన ప్రతిసారీ మా జేజి ఒకటే అడిగేది, "ఏం అబ్బీ, ఆ బీగం ఎప్పుడు తీస్తావు?"

సరే. అసలు విషయానికొస్తా. ఊరి కోసం చేసే ఏ పనికైనా రెండు బిల్లులుంటాయి. మొదటిది కట్టడానికి. రెండోది దాన్ని నడపడానికి, రిపేర్ చేయడానికి. మొదటి బిల్లుకి డబ్బులిచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు. అందులో ఫోటో ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. రెండో బిల్లుకి అవేమీ ఉండవు. కాలిపోయిన మోటారు పక్కన నిలబడి ఎవరు సెల్ఫీ దిగుతారు చెప్పండి?

ఈ ముక్క నాకు అర్థమైంది పోరుమామిళ్లలో. మా జిల్లానే. అక్కడ పెద్ద చెరువు ఉంది, దాని పాత పేరు అనంతరాజసాగరం. 1369లో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర కట్టించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్లు పని. ఇదంతా అక్కడి శాసనంలోనే ఉంది. 650 ఏళ్లు దాటింది, ఆ చెరువు ఇప్పటికీ ఉంది. మా ప్లాంట్ 14 నెలలు ఉంది!

ఆ శాసనంలో ఇంకో సంగతి ఉంది. మంచి చెరువుకి ఉండాల్సినవి 12, చెరువుకి ఉండకూడని దోషాలు 6 అని లిస్ట్ రాశారు. నేటి భాషలో చెప్పాలంటే చెక్‌లిస్ట్. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, ఇలాంటివి దోషాలు. వాటిలో ఒకటి చదివి నేను అక్కడే ఆగిపోయా. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. అంటే చెరువు ఇద్దరిదీ అయితే, తెగిన రోజు ఎవరిదీ కాదన్నమాట. మా ప్లాంట్ సరిగ్గా అదే. స్థలం పంచాయతీది, మిషన్ మా గ్రూప్‌ది, బోరు ఎవరిదో తేల్చుకోలేదు. మోటారు కాలినప్పుడు పంచాయతీ వాళ్లు "మీ ప్లాంటే కదా" అన్నారు, మేం "మీ బోరే కదా" అన్నాం.

మరి ఆ రోజుల్లో రెండో బిల్లు ఎవరు కట్టేవాళ్లు? మన రాయలసీమలో దశబంధం అని ఒక పద్ధతి ఉండేది. చెరువు తవ్వించినవాళ్లకో, బాగు చేసినవాళ్లకో ఆ చెరువు కింద కొంత భూమి ఈనాంగా ఇచ్చేవాళ్లు. ఊరికే కాదు, చెరువు మరమ్మతు చూసుకోవాలనే షరతు మీద. చెరువు బాగుంటేనే ఆ భూమి పండుతుంది. అంటే మెయింటెనెన్స్ ఖర్చు కోసం ప్రతి ఏడూ ఎవర్నీ అడుక్కోవాల్సిన పని లేదు, ఆ ఆదాయం ఆ చెరువులోంచే వస్తుంది. అలాగని అదేదో స్వర్ణయుగం అని నేను చెప్పట్లేదు. భూమి ఎవరికి దక్కింది, మట్టి ఎవరు మోశారు అని అడిగితే కథ ఇంకోలా ఉంటుంది. కానీ రెండో బిల్లు సంగతి వాళ్లు ముందే ఆలోచించారు. అది నేర్చుకోవాల్సిందే.

ఈ మధ్య కాలంలో కూడా ఒక ఉదాహరణ ఉంది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైంది కదా, 46,531 చెరువుల లెక్కతో. అందులో పూడిక తీసే ఖర్చు ప్రభుత్వానిది. ఆ మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఆ ఒండ్రు మట్టి పొలానికి బలం కాబట్టి రైతు తన ట్రాక్టర్ తెచ్చుకున్నాడు. మనిషికి తన లాభం కనిపిస్తే తన వాటా పెడతాడు. దానం అని పిలవాల్సిన అవసరమే లేదు.

ఇప్పుడు మీ ఊరికి ఏదైనా చేయాలనుకుంటే డబ్బు ఎక్కడెక్కడ ఉంటుందో చెప్తా. ప్రతిదాని గుణం వేరు.

మొదటిది, పంచాయతీ ఖాతా. చాలామందికి తెలీదు, మీ ఊరి డబ్బు ఇప్పటికే మీ ఊరి పేరు మీద ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలి. మిగతా 40 శాతం జీతాలకి తప్ప ఊరి అవసరాలకి వాడుకోవచ్చు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ గ్రాంట్ ఆగిపోతుంది, అందుకే పంచాయతీ ఎన్నికలు లేటైతే నష్టం మన కుళాయికే. ఈ-గ్రామ్‌స్వరాజ్ అని యాప్, వెబ్‌సైట్ ఉన్నాయి. మీ ఊరి పేరు కొడితే ఏ పని ప్లాన్‌లో ఉంది, దేనికి ఎంత చెల్లించారు కనిపిస్తుంది. రీల్స్ చూసే టైమ్‌లో పది నిమిషాలు చాలు.

రెండోది, కంపెనీల సీఎస్‌ఆర్. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. మంచి డబ్బే. కానీ దానికి కాలపరిమితి ఉంది. ఒక ప్రాజెక్టును మొదలుపెట్టిన ఏడాది కాకుండా మహా అయితే మూడేళ్లు కొనసాగించొచ్చు. తర్వాత? మళ్లీ రెండో బిల్లు. పైగా ఆ డబ్బు తీసుకునే సంస్థకి రిజిస్ట్రేషన్లు ఉండాలి. మన వాట్సాప్ గ్రూప్‌కి ఇవ్వరు.

మూడోది, విదేశాల్లో ఉన్న మనోళ్లు. ఇక్కడ జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఫ్రెండ్ అమెరికా నుంచి తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే, చట్టం దృష్టిలో అది విదేశీ విరాళం కాదు. అదే ఫ్రెండ్ అమెరికన్ సిటిజన్ అయిపోతే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉన్న సంస్థ కావాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్‌లో ప్రత్యేక ఖాతా ఉండాలి. మేం ఇవేమీ చూడలేదు. అందరి డబ్బూ నా సొంత ఖాతాలో వేయించుకున్నా. దయచేసి మీరు అలా చేయొద్దు. నిజాయితీ ఉంటే సరిపోదు, కాగితం కూడా ఉండాలి.

నాలుగోది, ఊరి సొంత డబ్బు. ఇది అన్నిటికంటే చిన్నది. కానీ రెండో బిల్లు కట్టేది ఇదొక్కటే. వరంగల్ వైపు గంగదేవిపల్లి పేరు వినే ఉంటారు, 2007లో నిర్మల్ గ్రామ్ పురస్కారం వచ్చిన ఊరు. అక్కడ ప్రత్యేకత ఏంటంటే పనికో కమిటీ, ఆ కమిటీలో ఊరి జనమే. పని ఎవరిదో ముందే తేలిపోతుంది. సరిహద్దు దోషం ఉండదు.

ఇక మా బీగం సంగతి. పోయిన ఏడాది గ్రామసభకి వెళ్లా. నా జీవితంలో మొదటి గ్రామసభ అది, సిగ్గుగానే చెప్తున్నా. ప్లాంట్ మళ్లీ తెరుద్దాం అని నేను స్పీచ్ ఇస్తుంటే, వెనక నుంచి పొదుపు సంఘం అక్క ఒకామె లేచింది. "నాయనా, నువ్వు ప్లాంట్ ఎక్కడ పెట్టినావో చూసుకున్న్యావా? పెద్దవీధిలో పెట్టినావు. మా కాలనీ ఆడోళ్లు ఆ వీధిలోకొచ్చి క్యూలో నిలబడితే ఎవురు ఎట్ల చూస్తారో నీకు తెల్దు. మమ్మల్నొక మాట అడిగినావా?"

నేను ఏమీ మాట్లాడలేకపోయా. ఎస్సీ కాలనీలో 45 ఇళ్లు. 14 నెలల్లో అక్కడి నుంచి ఎందుకు ఎవరూ రావట్లేదని మా గ్రూప్‌లో ఒక్కరికి కూడా డౌట్ రాలేదు. "అవేర్‌నెస్ లేదు" అనుకున్నాం. లేనిది మాకే.

తర్వాత ఏం చేశామంటే, పంచాయతీ తాగునీటి నిధుల్లోంచి కొత్త మోటారు, కాలనీ దాకా పైపు వేయించింది. బోరు పంచాయతీదే అని తీర్మానం రాశారు. పాత కరెంటు బాకీ మా గ్రూప్‌లో ఏడుగురం కట్టాం. మిషన్‌ని గ్రామ సంఘం ఆడవాళ్లకి రాసిచ్చేశాం. డబ్బు వాళ్ల ఖాతాలోకే వెళ్తుంది, లెక్క ప్రతి నెలా గోడ మీద రాస్తారు. కాలనీ దగ్గర రెండో కుళాయి పెట్టారు. క్యాను 5 రూపాయలు. నేను భయపడ్డా, జనం తిడతారని. ఎవరూ తిట్టలేదు. వ్యాన్‌లో 20 పెట్టి కొంటున్నోళ్లకి 5 ఎక్కువెలా అవుతుంది?

ఇప్పుడు రోజుకి 85 క్యాన్లు పోతున్నాయి. లెక్క వేయండి, నెలకి 12,750. ఖర్చు అదే 10 వేలు. 2,750 మిగులుతుంది, మెంబ్రేన్‌కి పక్కన పెట్టాల్సిన 1,700 పోను కూడా వెయ్యి పైన ఉంటుంది. అదే పాత 70 క్యాన్లయితే 5 రూపాయలకి అమ్మినా మిగిలేది 500, మెంబ్రేన్‌కి చాలదు. అంటే ప్లాంట్‌ని బతికించింది కొత్తగా వచ్చిన ఆ 15 క్యాన్లు. మేం అడగని ఇళ్ల నుంచి వచ్చిన క్యాన్లు.

తెరిచి తొమ్మిది నెలలైంది. వానాకాలంలో అమ్మకం పడిపోయి రెండు నెలలు లోటొచ్చింది. ఖాతాలో ఇప్పుడు 18,400 ఉంది. మెంబ్రేన్ రోజు వచ్చేసరికి సరిపోతుందా లేదా అనేది ఇంకా పరీక్షే. సక్సెస్ స్టోరీ అని థంబ్‌నెయిల్ పెట్టే ధైర్యం నాకు లేదు.

మీకు చెప్పేది ఒక్కటే. స్కూల్ కానీ, చెరువు కానీ, లైబ్రరీ కానీ, మీ ఊరికి ఏదైనా చేద్దామని గ్రూప్ పెట్టే ముందు మూడు ప్రశ్నలకి పేపర్ మీద జవాబు రాయండి. ఇది ఎవరిది? మూడో ఏడాది పాడైతే డబ్బు ఏ ఖాతాలోంచి వస్తుంది? ఊర్లో మనం ఇంకా అడగని ఇళ్లు ఏవి? ఈ మూడింటికీ జవాబు లేకపోతే క్యూఆర్ కోడ్ షేర్ చేయకండి.

మీ ఊర్లో కూడా ఇలా రిబ్బన్ కట్ చేసి బీగం వేసినవి ఉంటే కామెంట్‌లో రాయండి. రెండో బిల్లు దగ్గర ఎక్కడ ఆగిందో కూడా రాయండి, మిగతావాళ్లకి పనికొస్తుంది. మళ్లీ కలుద్దాం. అన్నట్టు, మా జేజి ఇప్పుడు బీగం గురించి అడగట్లేదు. "క్యాను ఐదు రూపాయలు చేసినారంట కదా" అని మాత్రం నన్ను రోజూ తిడుతోంది. ఉంటా మరి.