పాచికకు జ్ఞాపకం వుంటుందా?



సెలవుల్లో పిల్లలు లూడో ఆడుతుంటే మీరు చూసే వుంటారు. ఆరు పడితే గాని కాయ బయటికి రాదు. పదిసార్లు వేసినా పడకపోతే, "ఈసారి పడి తీరుతుంది, చూడు!" అంటాడు పిల్లవాడు. కాని ఇంతకుముందు ఎన్నిసార్లు పడలేదో పాచికకేం తెలుసు? దానికి జ్ఞాపకం లేదు. పదకొండోసారైనా సరే, ఆరు పడే అవకాశం ఆరింట ఒక వంతే.

ఆటలో అయితే నవ్వుకుని వూరుకుంటాం. సంసారంలో ఇదే మాట వినిపిస్తే?

మా పక్కవాటాలో ఒక కోడలుంది. ముగ్గురు ఆడపిల్లల తల్లి. ఒంట్లో రక్తం లేదు, ఇక కాన్పులు వద్దని డాక్టరమ్మ చెప్పింది. అత్తగారేమో, "వరసగా ముగ్గురూ ఆడపిల్లలే అయ్యారు గదా, నాలుగోవాడు తప్పకుండా మగపిల్లవాడే" అంటుంది. "నిజమేనా పిన్నిగారూ?" అని అడిగిందా అమ్మాయి.

నేను 16 చింతగింజలు తెచ్చి ముందు పెట్టాను. ఇవి 16 ఇళ్ళనుకో అన్నాను. మగపిల్లవాడు పుట్టగానే ఏ ఇంటివాళ్ళయినా ఆగిపోతారు. కాన్పుకు ఆడో మగో, అవకాశం ఇంచుమించు సగం సగం. మొదటి కాన్పులో 8 ఇళ్ళలో మగపిల్లలు. ఆ గింజలు తీసేశాం. మిగిలిన 8లో రెండో కాన్పుకు 4 తీసేశాం. మూడో కాన్పుకు 2. ఇక మిగిలినవి రెండే గింజలు.

"నువ్విప్పుడు ఈ రెండు గింజల దగ్గరున్నావు. నాలుగో కాన్పులో ఒక ఇంట్లో అబ్బాయి, ఇంకో ఇంట్లో మళ్ళీ అమ్మాయి. నీదే ఇల్లో ఎవరు చెప్పగలరు?" అన్నాను.

సగం, అందులో సగం, మళ్ళీ అందులో సగం. చిన్నప్పుడు బడిలో చదువుకున్న గుణశ్రేఢి ఇదే. వరసగా నలుగురూ ఆడపిల్లలే కావడం 16 ఇళ్ళలో ఒక ఇంటి మాట, నిజమే. కాని ముగ్గురు పుట్టేశాక నాలుగోసారి అవకాశం మళ్ళీ సగమే. ఇంకో చిత్రం చూడండి. మొత్తం మగపిల్లలు 8, 4, 2, 1 కలిపి 15 మంది. ఆడపిల్లలూ సరిగ్గా 15 మందే! కొడుకు పుట్టేదాకా కనాలని అందరూ పట్టుబట్టినా, పుట్టేవాళ్ళ పాళ్ళు మారవు. కాన్పుల బరువు మాత్రం తల్లి ఒంటి మీద పడుతుంది.

పైగా నింద కూడా ఆమెకే! అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రజ్ఞురాలు 1905లోనే పిండిపురుగులను పరీక్షించి, ఆడా మగా అన్నది మగదాని బీజకణాన్ని బట్టి వుంటుందని చూపించింది. మనుషుల్లోనూ అంతే. తల్లి నుంచి ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే వస్తుంది. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు. ఇందులో ఆయన తప్పూ లేదు, అదీ పాచికే. ముందే తెలుసుకుందామని పరీక్షకు పరుగెత్తడం మాత్రం 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

ఆ అమ్మాయి గింజలన్నీ కొంగున ముడి వేసుకుని వెళ్ళింది. ఆ రాత్రి భర్త ముందు పేర్చి, ఆయన చేతనే లెక్క పెట్టించిందట. చివర రెండు గింజలు మిగిలేసరికి ఆయన చాలాసేపు మాట్లాడలేదట. మర్నాడు ఇద్దరూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

మీ ఇంట్లో ఎవరైనా "ఈసారి తప్పకుండా" అంటే వాదన పెట్టుకోకండి. గుప్పెడు చింతగింజలు ముందు పెట్టండి.