సాకి అప్పగించుట



మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభసమయమున ఏదేని ప్రాచీన కావ్యమును గూర్చి మాటలాడుమని నన్ను కోరిరి. సహకార సంఘపు లెక్కలు వ్రాసికొను నేను పండితుడను గాను. చదివిన నాలుగు ముక్కలును ఈ బీరువాల చలువయే. కావున కావ్యముతో మొదలిడి కుక్కపిల్లల యొద్దకు వత్తును. నవ్వకుడు.

నన్నయభట్టు భారతమందలి శకుంతల కథ మీరెఱిగినదే. తల్లి విడిచిపోయిన పసికందును కణ్వుడు తెచ్చి పెంచెను. సమయము రాగా భర్త యొద్దకు పంపెను. అందఱును దుష్యంతుని తీరును గూర్చి వాదింతురు. నాకు మాత్రము కణ్వుని పనియే పెద్దదిగా తోచును. ఉంచుకొనుటకు పెంచుట వేఱు, అప్పగించుటకు పెంచుట వేఱు.

తల్లిని గోలుపోయిన వీధి కుక్కపిల్లను కొన్ని వారములు ఇంట సాకి, మచ్చిక చేసి, కోరినవారికి అప్పగించుట నేడు పట్టణములందు కలదు. పల్లెలో మాత్రమేల చేయరాదని నేనారంభించితిని.

తెచ్చిన తొలి రెండు మూడు దినములు దానిని ముద్దుచేయరాదు. ఒక మూల గోనెపట్టా పఱచి, వేళకు అన్నము పెట్టి, ఊరకుండవలెను. భయము తీరిన పిదప అదియే వచ్చును. పుట్టిన 3వ వారము మొదలు సుమారు 14వ వారము వఱకు మనస్సు మిక్కిలి లేతగా నుండును. అప్పుడు పిల్లలను, ముసలివారిని, గొడుగును, సైకిలును మెల్లగా అలవాటు చేసినచో పెద్దయైన పిదప బెదరుట తక్కువ. 6 నుండి 8 వారముల వయస్సున పశువైద్యునిచే టీకాలారంభింపవలెను. 3 నెలలు నిండగనే రేబీసు టీకా వేయింపవలెను. ఈ పని చేయువారు మఱవరానిదొకటి కలదు. కుక్క కఱచినను గీరినను గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. రేబీసు లక్షణములు పొడసూపిన పిదప ప్రాణము దక్కుట దాదాపు లేదు.

ఇక నా తప్పు. నేను సాకిన మొదటి పిల్ల చప్పుడైన వణకెడిది. ప్రక్క గ్రామమునుండి ఒక కుటుంబమువారు దానిని కోరి వచ్చిరి. భయము మాట చెప్పినచో వలదందురేమోయని దాచితిని. ముప్పదియేండ్లు జమాఖర్చులు వ్రాసినవాడను, ఒక పద్దు మ్రింగితిని! దీపావళి రాత్రి అది త్రాడు త్రెంచుకొని పాఱిపోయెను. మూడవనాడు కాలువగట్టున దొరకెను, పాదములు రక్తము. ఆ యింటి యిల్లాలు దానిని తెచ్చి, “గుమాస్తాగారూ, ముందే చెప్పియుంటే లోపలి గదిలో ఉంచి తలుపు వేసుకొనియుండెడివారము గదా” అన్నది. కోపము లేదు. అదియే నాకు ఎక్కువ తగిలినది.

మరల నాలుగు నెలలు సాకితిని. అన్నము పెట్టునపుడు దూరమున రేకుపళ్లెముపై మెల్లగా తట్టించి, దినదినమును కొంచెము దగ్గఱకు తెప్పించితిని. భయము పూర్తిగా పోలేదు, తగ్గినది. ఈ మాఱు దాని గుణములును లోపములును ఒక కాగితముపై వ్రాసి, ఆ యిల్లాలికే చదివి వినిపించితిని. ఆమె విని, నా చేతినుండి దానిని తీసికొన్నది. నేను వెనుదిరిగినపుడు అది నా వెంటరాలేదు. ఆమె కాలి ప్రక్కనే కూర్చుండెను. త్రాడు సైకిలు చేతికి చుట్టుకొని ఇంటికి వచ్చితిని. ఆ త్రాడిప్పుడు మఱియొక పిల్ల మెడనున్నది.