చీకట్లో చుక్కల ఫొటోలు

నక్షత్రాల ఫొటోగ్రఫీకి టెలిస్కోపు కన్నా ముందు కావలసింది చీకటి. అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రాత్రులు, ఊరి దీపాలకు దూరంగా ఒక ఖాళీ చోటు, కదలని ట్రైపాడ్, సెట్టింగులు స్వయంగా మార్చుకోగల కెమెరా ఉంటే ఆరంభానికి చాలు.

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. అందుకే షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. 500ను లెన్సు ఫోకల్ లెంగ్తుతో భాగిస్తే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు ఉజ్జాయింపు లెక్క దొరుకుతుంది: 25 మిల్లీమీటర్ల లెన్సుకు 20 సెకన్లు. చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది కాబట్టి, ప్రకాశవంతమైన చుక్కను తెరపై పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా చేత్తో సరిచేయాలి.

ఒక్క ఫొటోలో మసక వెలుగు నాయిస్‌లో, అంటే గింజల్లాంటి మచ్చల్లో, మునిగిపోతుంది. అదే దృశ్యాన్ని 100 సార్లు తీసి, డీప్‌స్కైస్టాకర్, సిరిల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో కలిపితే నాయిస్ దాదాపు పదోవంతుకు తగ్గుతుంది. కంటికి అందని రంగులు అప్పుడు బయటపడతాయి. ఈ అభిరుచిలో అసలైన అద్భుతం ఇదే.

ఔత్సాహికుల కృషి ఇక్కడ చిన్నదేమీ కాదు. వృత్తిరీత్యా ఇంజనీరైన ఆండ్రూ ఐన్‌స్లీ కామన్ 1883లో లండన్ దగ్గరి ఈలింగ్‌లో తన ఇంటి తోట నుంచే ఒరాయన్ నీహారికను ఫొటో తీశాడు. కంటితో చూడలేని చుక్కలు సైతం ఆ ప్లేటుపై పడ్డాయి.

తెలుగు నేలపై చలికాలపు రాత్రులు పిల్లలకోడి (కృత్తిక) చుక్కల గుంపుకు, ఒరాయన్‌కు అనువైనవి. పాలపుంత నడిబొడ్డు ఏప్రిల్ తెల్లవారుజామున దక్షిణాన కనిపిస్తుంది. జూన్ దాటితే వానమబ్బులు దాన్ని తరచూ కప్పేస్తాయి.