లవంగం వెతికే కుక్క: ఇంట్లోనే నేర్పించే ముక్కు ఆట

నరసరావుపేట నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశా. ఈరోజు టాపిక్ కుక్క ముక్కు. నవ్వకండి, సీరియస్ మేటరే.

2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం దగ్గర దోమలపెంటలో ఎస్‌ఎల్‌బీసీ టన్నెల్ కూలింది, గుర్తుందా? ఎనిమిది మంది లోపలే చిక్కుకుపోయారు. లోపలంతా బురద, నీళ్లు, విరిగిన ఇనుము. అప్పుడు కేరళ పోలీసుల దగ్గర్నుంచి మాయ, మర్ఫీ అని రెండు కుక్కలొచ్చాయి. మట్టి కింద ఉన్న మృతదేహాల వాసన పట్టేలా ట్రైనింగ్ తీసుకున్నవి. అవి చూపించిన వైపు తవ్వితే మార్చి 9న ఒకరి మృతదేహం దొరికింది. ఇంటివాళ్లకి కనీసం చివరి చూపు దక్కింది.

ఆ వీడియోలు చూశాక నాకొచ్చిన మెసేజ్‌లన్నీ ఒకటే: "అన్నా, మా కుక్కకి కూడా నేర్పించొచ్చా?" శవాలు, గంజాయి, బాంబులు మనకొద్దు. అది పోలీసుల పని, వాళ్లకే వదిలేద్దాం. కానీ ఆ ఆటలో అసలు మజా ఉంది చూడండి, వాసన పట్టుకుని వెతకడం, అది మాత్రం ఏ కుక్కకైనా నేర్పొచ్చు. మన వీధికుక్కకి కూడా. 2006లో కాలిఫోర్నియాలో డిటెక్షన్ కుక్కల ట్రైనర్లు కొందరు దీన్నే పెంపుడు కుక్కల కోసం 'నోస్ వర్క్' అని ఆటగా మార్చారు. వాళ్ల పోటీల్లో వాడే మూడు వాసనల్లో ఒకటి ఏంటో తెలుసా? లవంగం! మన పోపులపెట్టెలో ఉండేదే.

మన ముక్కులో వాసన పట్టే రిసెప్టర్లు 50, 60 లక్షలుంటే, కుక్కకి 20 కోట్ల పైనే. పైగా అది వదిలే గాలి ముక్కు పక్కనున్న చీలికల్లోంచి బయటికి పోతుంది, ముందు నుంచి కొత్త వాసన లోపలికొస్తూనే ఉంటుంది. అంత హార్డ్‌వేర్ ఇచ్చి, మనమేమో తీసుకెళ్లి డాబా మీద కట్టేస్తాం.

మా వీధి చివర బాబాయ్ ఒకాయన ఉన్నాడు. జర్మన్ షెపర్డ్‌ని పెంచుతున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది గొలుసు మీదే. చెప్పులు కొరికింది, మోటారు వైరు కొరికింది, రాత్రంతా అరుపులు. "వినుకొండ అవతల ఎక్కడన్నా వదిలేసొస్తారా, నావల్ల కావట్లేదు" అన్నాడు. అది చెడ్డ కుక్క కాదు బాబాయ్, దానికి పని లేదు అన్నాను. నెల రోజులు టైమ్ అడిగాను.

మొదటివారం లవంగం లేదు. ఐదారు అట్టపెట్టెలు వరసగా పెట్టి, ఒక దాంట్లో ఉడికించిన చికెన్ ముక్క. ఉప్పు, మసాలా వేయొద్దు, ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, కుక్కకి విషం. వదిలేసి మనం నోరు మూసుకోవాలి. వేలు చూపించకూడదు, "అదిగో అదిగో" అనకూడదు. దొరికితే ఆ పెట్టె దగ్గరే ఇంకో ముక్క. రెండోవారం, చిల్లులు పెట్టిన చిన్న డబ్బాలో రెండు లవంగాలు వేసి, దాని పక్కన చికెన్. తర్వాత లవంగం ఒక్కటే, ముక్కు అక్కడ ఆగగానే బహుమతి. డబ్బా మూత గట్టిగా ఉండాలి, లవంగం మింగితే కుక్కకి మంచిది కాదు. లవంగనూనె జోలికి అసలు వెళ్లకండి. ఇంకోటి, లవంగం పెట్టిన అట్టపెట్టెకి గుర్తు పెట్టుకోండి. వాసన దాంట్లో ఉండిపోతుంది, రేపు ఖాళీగా పెట్టినా కుక్క అక్కడే ఆగుతుంది. తప్పు దానిది కాదు మరి.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేసేది. 2011లో యూసీ డేవిస్ వాళ్లు 18 జతల డిటెక్షన్ కుక్కలు, హ్యాండ్లర్ల మీద ఒక పరీక్ష పెట్టారు. గదుల్లో ఆ కుక్కలు పట్టాల్సిన వాసన ఏదీ దాచలేదు. కానీ హ్యాండ్లర్లకి మాత్రం "ఉంది, కొన్నిచోట్ల ఎర్ర కాగితం గుర్తుంటుంది" అని చెప్పారు. 144 సార్లు వెతికితే 225 సార్లు "దొరికింది" అన్నారు! కుక్క మన మొహం చదువుతుంది, మన అడుగు ఎక్కడ ఆగిందో చూస్తుంది. కోడ్ రాసినోడే టెస్టులు కూడా రాస్తే అన్నీ పాసే కదా, అలాగన్నమాట. అందుకే దాచే మనిషి వేరు, కుక్కని పట్టుకునే మనిషి వేరు ఉండాలి. బాబాయ్ వాళ్ల చిన్నమ్మాయి దాచేది. ఎక్కడ పెట్టిందో మా ఇద్దరికీ చెప్పేది కాదు, తెగ మురిసిపోయేది.

దీని వల్ల కుక్కకి ఏం ఒరుగుతుంది అంటారా? 2019లో డురాంటన్, హోరోవిట్జ్ అని ఇద్దరు పరిశోధకులు చూశారు. ఒకవైపు తిండి గిన్నె, ఇంకోవైపు ఖాళీ గిన్నె అలవాటు చేసి, తర్వాత మధ్యలో గిన్నె పెట్టారు. రెండు వారాలు ముక్కు ఆట ఆడిన కుక్కలు ఆ మధ్య గిన్నె వైపు ముందుకంటే వేగంగా వెళ్లాయి, అంటే ఏదో ఉంటుందనే ఆశతో. మనిషి పక్కనే నడవడం నేర్చుకున్న కుక్కల్లో ఆ మార్పు రాలేదు.

బాబాయ్ కుక్క ఇంకా గొలుసు మీదే ఉంది, అది నాకు నచ్చట్లేదు, ఆయనకి చెప్తూనే ఉన్నా. కానీ రోజూ పదిహేను నిమిషాలు వెతికాక పడుకుంటోంది. వినుకొండ మాట మళ్లీ ఎత్తలేదు ఆయన.

మన పల్నాడు వాళ్లకి ప్రత్యేకంగా రెండు మాటలు. ఎండాకాలం ఏడు గంటల్లోపే ఆడించేయండి. కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతోందంటే ముక్కు సరిగ్గా పనిచేయదు, ఒంటికీ ప్రమాదం. రెండోది, మిర్చి కల్లాల దగ్గర వద్దు. ఆ ఘాటు మనకే తుమ్ములు తెప్పిస్తుంది, దాని సంగతి చెప్పాలా? కోత సీజన్‌లో ఇంట్లో గదిలోనే పెట్టుకోండి, గోనెసంచులు దూరంగా సర్దేసి.

మీ కుక్క మొదటి పెట్టె కనిపెట్టిన వీడియో పంపండి, వీధికుక్కలవి ముందు వేస్తాను. వచ్చే ఎపిసోడ్‌లో పెట్టెలు తీసేసి, బండి సీటు కింద, గేటు సందుల్లో దాచడం చూద్దాం. ఉంటా మరి.